ఆ ఎడ్వర్డే రాజుగా ఉండిపోతే...?

లండన్‌లో సింహాసనం మీద మనిషి మారితే చీరాల మగ్గం చప్పుడు మారుతుందా? ఒకప్పుడు మారింది. ఇంకోసారి మారలేదు. ఎందుకంటే... అదో పెద్ద కథ!

అమ్మమ్మల కాలంనాటి పెట్టెలు సర్దుతుంటే చాలా ఇళ్లలో పాత వెండి రూపాయలు బయటపడతాయి. ఒకదాని మీద విక్టోరియా రాణి. ఇంకోదాని మీద కిరీటం లేకుండా బట్టతలతో ఆవిడ కొడుకు ఏడో ఎడ్వర్డ్. ఆ తర్వాత కిరీటాలతో అయిదో జార్జి, ఆరో జార్జి. వరసగా పేర్చి చూడండి. ఏడో ఎడ్వర్డ్ ఉన్నాడు. మరి ఎనిమిదో ఎడ్వర్డ్ ఏడీ?

వెతక్కండి, దొరకడు. బ్రిటిష్ ఇండియాలో ఆయన బొమ్మతో ఒక్క నాణెం కూడా వెయ్యలేదు. 1936 జనవరి 20న రాజయ్యాడు. అదే ఏడాది డిసెంబరు 11న దిగిపోయాడు. ఆ ఏడాదంతా మన టంకశాలల్లో చనిపోయిన అయిదో జార్జి బొమ్మతోనే డబ్బులు అచ్చయ్యాయి. కచ్‌లాంటి ఒకటి రెండు సంస్థానాల్లో మాత్రం నాణేల మీద కొత్త రాజు పేరు అక్షరాల్లో వేశారు. అంతే!

విడాకులు తీసుకున్న ఓ అమెరికన్ మహిళను పెళ్లాడాలని సామ్రాజ్యాన్నే వదులుకున్న రాజు ఆయన. మరి వదులుకోకుండా ఉండుంటే? చరిత్ర ఇంకో దారి పట్టేదా? మగవాళ్ల సూట్లూ ఆడవాళ్ల గౌన్లూ వేరేగా ఉండేవా? చరిత్రకారులు సరదాగానూ, సీరియస్‌గానూ కూడా వేసుకునే ప్రశ్న ఇది. దీంతో మనకేం పని అనుకోకండి. గుంటూరు, ఒంగోలు, చీరాల సీమకీ ఆ సింహాసనానికీ మధ్య ఉన్న లెక్క మూడొందల ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ భాగం బట్టల లెక్కే!

యువరాజు తొడిగిందే ఫ్యాషన్

ఎడ్వర్డ్ రాజుగా ఉన్నది పదకొండు నెలలకన్నా తక్కువే. కానీ యువరాజుగా పాతికేళ్లున్నాడు. ఆ పాతికేళ్లలో మగవాళ్ల దుస్తుల్లో ఆయన తెచ్చినన్ని మార్పులు పేరుమోసిన దర్జీలు కూడా తేలేదంటారు.

తండ్రి అయిదో జార్జికి పాత మర్యాదల పట్టింపు ఎక్కువ. కొడుకు ప్యాంటు అంచులు పైకి మడిచి వేసుకుని ఎదురుపడితే 'ఏం, ఇక్కడేమైనా వాన పడుతోందా?' అని ఎత్తిపొడిచాడట. కొడుకు వింటేగా! భుజాల మీదుగా వేసుకునే పట్టీలు తీసేసి బెల్టు పెట్టుకున్నాడు. ప్యాంటుకు గుండీల బదులు జిప్పు కుట్టించుకున్నాడు. రాత్రి విందులకు నల్లకోటు బదులు ముదురు నీలం కోటు వేసుకెళ్లాడు. ఫొటోల్లో నలుపైతే అంతా ఒకే ముద్దలా పడుతుంది, ముదురు నీలమైతే కోటు కుట్టు కూడా కనిపిస్తుందన్నది ఆయన లెక్క. పత్రికల్లో ఫొటోలు పెరుగుతున్న కాలంలో కెమెరాను దృష్టిలో పెట్టుకుని బట్టలు ఎంచుకున్న తొలి రాచబిడ్డల్లో ఆయనొకడు. ఇప్పటికీ పెళ్లికొడుకులు టై కట్టుకునేటప్పుడు వేసే 'విండ్సర్ ముడి' ఆయన పేరు మీద వచ్చిందే. తమాషా ఏమిటంటే, ఆయన ఆ ముడి వేసుకునేవాడే కాదు. టై గుడ్డే మందంగా ఉండేట్టు కుట్టించుకునేవాడు. దాంతో మామూలు ముడే లావుగా కనిపించేది. జనం దాన్ని చూసి తమ టైలకు పెద్ద ముడి వేసుకోవడం మొదలుపెట్టారు!

వీటన్నిటికన్నా గుర్తుపెట్టుకోవాల్సింది ఒక స్వెటర్ సంగతి. 1922లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానానికి ఎడ్వర్డ్ రంగురంగుల అల్లికతో ఉన్న స్వెటర్ తొడుక్కుని వచ్చాడు. షెట్లాండ్ దీవుల్లో చేపలు పట్టేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు చేత్తో అల్లే 'ఫెయిర్ ఐల్' స్వెటర్ అది. యువరాజు వేసుకోవడంతో దానికి గిరాకీ వచ్చింది. ఆ దీవుల్లో అల్లేవాళ్లకు చేతినిండా పని దొరికింది.

రాచవాళ్ల మోజులో ఉన్న బలం అదీ. ఒక్కరు తొడిగితే ఎక్కడో కొన్ని వేలమందికి కూడు. మరి ఆ మోజు తీరిపోతేనో? ఆ సంగతి షెట్లాండ్ వాళ్లకన్నా ముందు మన కృష్ణా, గుంటూరు తీరానికే బాగా తెలుసు.

మేరీ రాణి ముచ్చటపడ్డ మచిలీపట్నం పూలు

1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ మన తీరానికి వచ్చింది. నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో ఆగింది. వాళ్లకు కావలసింది మన బట్ట. మామూలు బట్ట కూడా కాదు, ఉతికినా రంగు పోని పూల బట్ట.

దాని వెనక పెద్ద తతంగమే ఉంది. నేతబట్టను కరక్కాయ నీళ్లలో, పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. కలంతో గీతలు గీస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాసి, చిరివేరు వేసి కాగబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతికితే పోతుంది. నీలిరంగు అక్కర్లేని చోటంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచుతారు. నిజాంపట్నం ప్రాంతంలో దొరికే చిరివేరు ఎరుపుకు పెట్టింది పేరని ఆనాటి విదేశీ వర్తకులే రాసుకున్నారు. యూరప్‌లో అప్పటికి గుడ్డ మీద అద్దిన రంగు రెండు ఉతుకులకే వెలిసిపోయేది. మన రంగు ఉతికేకొద్దీ నిగ్గుదేలేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'చింట్జ్' అన్నారు. మనం కలంకారీ అంటున్నాం.

ఇక్కడే సింహాసనం కథ మొదలవుతుంది. 1688 జూన్‌లో ఇంగ్లండు రాజు రెండో జేమ్స్‌కు కొడుకు పుట్టాడు. రాజు క్యాథలిక్. కొడుకు బతికి బట్టకడితే దేశం ఎప్పటికీ క్యాథలిక్ రాజుల చేతుల్లోనే ఉండిపోతుందని పెద్దలకు భయం పట్టుకుంది. ఆ బిడ్డ అసలు రాణికి పుట్టలేదనీ, మంచం వెచ్చబెట్టే నిప్పుల గిన్నెలో దాచి గదిలోకి తెచ్చారనీ పుకారు పుట్టించారు. ఆ ఏడాది తిరక్కముందే జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు. 1689లో ఆయన కూతురు మేరీ, అల్లుడు విలియం రాజ్యానికొచ్చారు.

ఈ మేరీ హాలండ్ కోడలు. అక్కడి ఓడలు తూర్పుదేశాల నుంచి తెచ్చే పింగాణీ, పూల బట్టల మధ్య కాపురం చేసినావిడ. ఆ ముచ్చటను లండన్‌కు తెచ్చింది. 'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డీఫో తన యాత్రా పుస్తకంలో ఈ సంగతి ప్రస్తావించాడు. మన మచిలీపట్నం పేరు చెప్పి మరీ, ఆ చింట్జ్ మీద మోజును తెచ్చింది మేరీ రాణేననీ, తర్వాత అది మామూలు జనానికీ అంటుకుందనీ రాశాడు. రాణి పడకగదిలో వేలాడిన బట్టే తర్వాత ఇళ్లల్లో తెరలూ దుప్పట్లూ గౌన్లూ అయిందన్నమాట.

మన తీరానికి పండగే కదా? కొన్నాళ్లే!

లండన్‌లో ఉన్ని, పట్టు నేసేవాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో పార్లమెంటు చట్టం చేసింది. తూర్పుదేశాల నుంచి వచ్చే అద్దకపు బట్టలు ఇంగ్లండులో ఎవరూ వాడకూడదు. అయినా మోజు తగ్గలేదు. 1719లో లండన్ నేతగాళ్లు వీధిలో పూల గౌన్లతో కనిపించిన ఆడవాళ్ల మీద పడి గౌన్లు చింపేశారు, సిరా చల్లారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అద్దకపు నూలుబట్ట కట్టుకోవడమే నేరమైంది. ఆ నిషేధం ఎత్తేసింది 1774లో. అప్పటికి మన పని వాళ్లు నేర్చుకున్నారు. నూలు వడికే యంత్రాలు వచ్చేశాయి.

ఇందులో ఓ చిత్రమైన మెలిక ఉంది. పారిపోయిన జేమ్స్‌కు ఈస్టిండియా కంపెనీలో వాటాలున్నాయి. కంపెనీకి ఆయన అండ ఉండేది. ఆయనే ఉండుంటే కంపెనీ తెచ్చే బట్టల్ని నిషేధించే చట్టం అంత తేలిగ్గా వచ్చేది కాదని ఊహించడానికి వీలుంది. మేరీ, విలియంలతో పాటు గెలిచింది పార్లమెంటు. రాజు మాటకన్నా దాని మాటకే బలం పెరిగింది. అంటే, మచిలీపట్నం పూలను అంతఃపురంలోకి తీసుకెళ్లిన వారసత్వపు మార్పే, ఆ పూలను వీధిలో చింపించిన పార్లమెంటుకూ బలమిచ్చింది!

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. మన పత్తి ఓడెక్కి లాంకషైర్ మిల్లులకు పోవడం, అక్కడి బట్ట మన సంతల్లోకి రావడం. రాణిగారి ఇష్టం మీద ఆధారపడ్డ పని, పార్లమెంటు అయిష్టంతో పోయింది. రెండూ మన చేతిలో లేనివే.

చీరాల ఖాళీ అయిన ఏడాది

1921. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు, చీరాల గుంటూరు జిల్లాలో ఉన్నాయి. చీమకుర్తి నల్లరాయి గురించి ప్రపంచానికి తెలియడానికి ఇంకా చాలా ఏళ్లుంది. ఈ చేలల మధ్య ఆ ఏడాది జరిగిన సంగతులు లండన్ దాకా వినిపించాయి.

మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. కోటి మంది సభ్యులు, తిలక్ నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు... ఇదీ అక్కడ పెట్టుకున్న లెక్క. ఏప్రిల్‌లోనే గాంధీజీ చీరాల వచ్చారు.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు అమాంతం పెరిగాయి. నేతపని, కూలిపని చేసుకునే జనం మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో అన్నారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన 'ఆంధ్రరత్న' దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకు నాయకుడు. పన్ను కట్టకుండా జైళ్లకైనా వెళ్లాలి, లేదా ఊరే వదిలిపెట్టాలి... గాంధీజీ చెప్పిన దారులివి. జనం రెండోది పట్టుకున్నారు. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలేసి ఊరి బయటకు నడిచారు. పాకలేసుకుని 'రామనగర్' అని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం మీద కూర్చున్నదీ దాదాపు అన్నాళ్లే!

జులైలో బొంబాయిలో కాంగ్రెస్ కమిటీ రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, విదేశీ బట్టను పూర్తిగా మానెయ్యాలి. రెండు, దేశం చూడ్డానికొస్తున్న యువరాజుకు స్వాగతం పలక్కూడదు. ఆ యువరాజు మరెవరో కాదు, మన ఫ్యాషన్ల ఎడ్వర్డే.

సెప్టెంబరు 22న మధురైలో గాంధీజీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టారు. బీదవాళ్లకు ఖద్దరు కొనే స్తోమతు లేదన్నవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఉన్నంతలో మోకాళ్లదాకా కట్టుకుందాం, మిల్లుబట్ట మాత్రం వద్దన్నారు. రెండు నెలలు తిరక్కుండానే నవంబరు 17న 'రినౌన్' యుద్ధనౌకలో ఎడ్వర్డ్ బొంబాయిలో దిగాడు. అదే రోజు అదే ఊళ్లో గాంధీజీ విదేశీ బట్టల గుట్టకు నిప్పంటించారు. ఊళ్లో అల్లర్లు చెలరేగి యాభై మందికి పైగా చనిపోయారు. మనసు విరిగిన గాంధీజీ నిరాహార దీక్షకు కూర్చున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. లోకమంతా తిరిగి చూసే బట్టలు తొడిగిన 27 ఏళ్ల యువరాజు ఓ పక్క, మోకాళ్ల పైకి కట్టిన కొల్లాయితో 52 ఏళ్ల గాంధీజీ ఓ పక్క. ఇద్దరి బట్టలూ వేలమంది చేతులకు పని పెట్టినవే. ఒకటి పైనుంచి దిగింది, చూసి మోజుపడి కొనుక్కున్నారు. ఇంకోటి రాట్నం ముందు కూర్చున్నవాళ్లు తామే వడికి కట్టుకున్నది.

1922 జనవరి 13న యువరాజు మద్రాసు వచ్చాడు. అప్పట్లో మనకూ అదే రాజధాని. దుకాణాలు మూతపడ్డాయి, గొడవలు జరిగాయి. హైదరాబాదులో మాత్రం నిజాం అతిథిగా రాచమర్యాదలు అందుకున్నాడు. ఆ జనవరిలోనే గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో శిస్తు కట్టం పొమ్మన్నారు. సర్కారు సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ ఉద్యమం ఆపేయడంతో అదీ ఆగింది. మార్చిలో యువరాజు ఓడెక్కి వెళ్లిపోయాడు. అదే నెల 18న గాంధీజీకి ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

అదే ఓడలో ఇంకొకాయన!

1921లో యువరాజు వెంట 'రినౌన్'లో ఓ కుర్ర నౌకాధికారి కూడా వచ్చాడు. యువరాజుకు చుట్టమే. 1922 ఫిబ్రవరిలో ఢిల్లీలో వైస్రాయి ఇంట్లో అతిథిగా ఉండగా ఎడ్వినా అనే అమ్మాయిని పెళ్లికి అడిగి ఒప్పించాడు. పాతికేళ్ల తర్వాత ఆ భార్యాభర్తలు వైస్రాయి దంపతులుగా అదే ఢిల్లీకి తిరిగొచ్చారు. ఆయనే లూయీ మౌంట్‌బాటన్!

పదకొండు నెలల రాజు

1936 జనవరిలో తండ్రి పోవడంతో ఎడ్వర్డ్ రాజయ్యాడు. పట్టాభిషేకానికి 1937 మే 12 ముహూర్తం. ఆ తర్వాత భారతదేశం వచ్చి, 1911లో తండ్రి చేసినట్టే ఢిల్లీలో దర్బారు జరపాలని అనుకున్నారు. అప్పటికే వాలిస్ సింప్సన్‌తో ప్రేమ ముదిరింది. ఒకసారి విడాకులైన ఆమె, రెండో భర్త నుంచీ విడాకులు తీసుకుంటోంది. చర్చికి అధిపతి అయిన రాజు అలాంటి పెళ్లి చేసుకుంటే ఊరుకోబోమని ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్ తేల్చిచెప్పాడు. ఆస్ట్రేలియా, కెనడా ప్రభుత్వాలూ ఒప్పుకోలేదు. ఎడ్వర్డ్ పెళ్లినే ఎంచుకున్నాడు. తమ్ముడు ఆరో జార్జి పేరుతో రాజయ్యాడు. ముహూర్తం మారలేదు, కూర్చున్న మనిషి మారాడు. దర్బారు మాత్రం వాయిదా పడుతూ పడుతూ జరగనే లేదు. ఆరో జార్జి 'భారత చక్రవర్తి'గా ఒక్కసారి కూడా మన దేశంలో అడుగుపెట్టలేదు!

ఒకవేళ దిగిపోకుండా ఉంటే...

ముందు ఫ్యాషన్ సంగతి. 1937 జూన్ 3న ఫ్రాన్సులో ఎడ్వర్డ్, వాలిస్‌ల పెళ్లి జరిగింది. డిజైనర్ మెయిన్‌బోషర్ కుట్టిన లేతనీలం గౌను వేసుకుందామె. 'వాలిస్ నీలం' అని ఆ రంగుకే పేరొచ్చింది. వారాలు తిరక్కుండా అమెరికా దుకాణాల్లో దాని నకళ్లు చౌకగా అమ్మారు. సన్నగా, సూటిగా, హంగూ ఆర్భాటం లేని కుట్టు ఆమెది. ఆమె రాణి అయ్యుంటే లండన్ ఫ్యాషన్ ఆ దారే పట్టేదేమో. జరిగింది వేరు. ఆరో జార్జి భార్య ఎలిజబెత్ కోసం డిజైనర్ నార్మన్ హార్ట్‌నెల్ పాతకాలం చిత్రపటాల్లోలాంటి నిండు గౌన్లు కుట్టాడు. 1953లో కూతురు రెండో ఎలిజబెత్ పట్టాభిషేకపు గౌను కుట్టిందీ ఆయనే. దాని మీద కామన్‌వెల్త్ దేశాల గుర్తులు కుట్టారు. మన దేశం తరఫున తామరపువ్వు ఉంది. ఎడ్వర్డ్ దిగిపోకపోతే 1953లో ఆ గౌనే లేదు!

రెండోది యుద్ధం. దిగిపోయిన మరుసటి ఏడాది, 1937 అక్టోబరులో ఎడ్వర్డ్ భార్యతో జర్మనీ వెళ్లి హిట్లర్‌ను కలిశాడు. యుద్ధం వచ్చాక 1940లో ఆయన్ని బహామాస్ దీవులకు గవర్నరుగా పంపి యూరప్‌కు దూరంగా ఉంచారు. అలాంటి మనిషి ఆ రోజుల్లో లండన్‌లో రాజుగా ఉంటే? ఆ ఊహే చాలామంది చరిత్రకారులకు గుబులు పుట్టిస్తుంది. అయితే బ్రిటన్‌లో యుద్ధమో శాంతో తేల్చేది మంత్రివర్గం. 1940 మేలో ఆరో జార్జికి ప్రధానిగా నచ్చిన మనిషి చర్చిల్ కాదు, లార్డ్ హాలిఫాక్స్. అంటే 1931లో గాంధీజీతో ఒప్పందం కుదుర్చుకున్న మన పాత వైస్రాయి ఇర్విన్. అయినా చర్చిలే ప్రధాని అయ్యాడు. రాజు ఇష్టం ఒకటైతే జరిగింది ఇంకోటి! విచిత్రం ఏమిటంటే 1936లో ఎడ్వర్డ్ తరఫున గట్టిగా మాట్లాడింది ఆ చర్చిలే.

మూడోది రెండో ఎలిజబెత్ రాణి. ఎడ్వర్డ్ రాజుగా ఉండిపోతే ఆమె ఎప్పటికీ రాణి అయ్యేది కాదని చాలామంది అనుకుంటారు. లెక్క చూద్దాం. ఎడ్వర్డ్, వాలిస్‌లకు పిల్లలు లేరు. ఆయన 1972 మే 28న చనిపోయాడు. తమ్ముడు జార్జి అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1952లో పోయాడు. కాబట్టి వారసురాలు ఎలాగూ ఎలిజబెత్తే. కాకపోతే పాతికేళ్ల ప్రాయంలో కాకుండా 46 ఏళ్లకు గద్దెనెక్కేది. 2022 సెప్టెంబరు 8న కన్నుమూసేనాటికి 70 ఏళ్లకు బదులు 50 ఏళ్లు ఏలినట్టయ్యేది. 1961లో ఆమె రాణిగా మన దేశం చూసింది కదా, అది ఉండేది కాదు. 1983 నవంబరులో హైదరాబాదు వచ్చి బొల్లారం చర్చిలో ప్రార్థన చేసుకున్నది మాత్రం అలాగే ఉండేది! ఎడ్వర్డ్ వాలిస్‌ను కాకుండా ఇంకెవరినైనా చేసుకుని బిడ్డల్ని కని ఉంటేనే ఎలిజబెత్ కథ పూర్తిగా మారేది. అప్పుడు ఆమె రాకుమారిగానే మిగిలిపోయేది.

ఆ పెళ్లికి మనవాళ్ల కానుకలు

1947 నవంబరు 20న ఎలిజబెత్ పెళ్లి. హైదరాబాదు నిజాం ఉస్మాన్ అలీఖాన్ కానుకగా కార్టియర్ నగల దుకాణం నుంచి వజ్రాల హారం, తలకు పెట్టుకునే నగ వెళ్లాయి. ఆ హారాన్ని తర్వాత మనవడి భార్య కేట్ కూడా పెట్టుకుంది. గాంధీజీ తన చేత్తో వడికిన నూలుతో అల్లిన గుడ్డ పంపారు. దాని మధ్యలో 'జైహింద్' అని ఉంది. పెళ్లికూతురి నాన్నమ్మ మేరీ అది చూసి గాంధీ కొల్లాయిగుడ్డ అనుకుని చిరాకుపడిందని చెబుతారు!

మరి మన సంగతి?

అసలు ప్రశ్న ఇదీ. ఎడ్వర్డ్ ఉండిపోతే మన దేశ చరిత్ర మారేదా?

తేదీలు చూడండి. 1936 డిసెంబరు 11న లండన్‌లో రాజు మారాడు. రెండు నెలలు తిరిగేసరికల్లా మద్రాసు రాష్ట్రంలో శాసనసభకు ఎన్నికలు జరిగాయి. 215 స్థానాల్లో కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. ఓట్లేసిన రైతులు అడిగింది శిస్తు గురించి, అప్పుల గురించి. గద్దె మీద అన్న ఉన్నాడా తమ్ముడు ఉన్నాడా అన్నది వాళ్లకు పట్టలేదు. జులైలో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయింది ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం. 1946లో ముఖ్యమంత్రి అయ్యాక కొత్త బట్టల మిల్లులకు అడ్డుచెప్పి ఖద్దరే ముఖ్యమన్నారాయన. అది సాధ్యమా కాదా అని సొంత పార్టీలోనే పెద్ద గొడవ. ఎవరిది ఒప్పయినా, బట్ట గురించి నిర్ణయం తీసుకునే వాదన మాత్రం లండన్‌లో కాకుండా మద్రాసులో, మనవాళ్ల మధ్యే జరిగింది. ఆయన పేరే తర్వాత జిల్లాకు పెట్టుకున్నాం.

1689లో సింహాసనం మీదికి ఎవరు వచ్చారన్నది మచిలీపట్నం అద్దకం పనివాడి పొయ్యి దాకా వచ్చింది. 1936లో అదే ప్రశ్న చీరాల నేతగాడి గడప కూడా తొక్కలేదు. ఈ రెండింటికీ మధ్య మారింది ఇక్కడి జనం. 1921లో ఇళ్లకు తాళాలేసినవాళ్లు, శిస్తు కట్టనన్నవాళ్లు, రాట్నం ముందు కూర్చున్నవాళ్లు. వాళ్లు అప్పటికప్పుడు గెలిచారా అంటే, లేదు. చీరాల జనం చివరికి పాకలు వదిలి ఇళ్లకు తిరిగొచ్చారు. పెదనందిపాడు రైతులు శిస్తు కట్టారు. కానీ సింహాసనం వైపు చూడ్డం మానేశారు. ఆ అలవాటు మళ్లీ రాలేదు.

అలాగని మగ్గానికి కష్టాలు తీరాయా? లేదు. చీరాల నేతగాళ్లు దూరదేశాల్లో కొనేవాళ్లను వెతుక్కున్నారు. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు వెళ్లాయి. మద్రాసు రుమాళ్ల పేరుతో గళ్ల బట్ట పడమటి ఆఫ్రికాకు వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు పెళ్లికీ పేరంటానికీ వాటిని కట్టుకున్నారు. ఇంగ్లండు రాజులతో సంబంధం లేని గిరాకీ అది. ఆ గిరాకీ కూడా ఒక రోజు తగ్గిపోయింది. కొనేవాడు ఎంత దూరంలో ఉంటే మన పని అంత గాల్లో దీపం.

ఈ మాట నేతకే కాదు, ఇవాళ్టి చీమకుర్తికీ వర్తిస్తుంది. నల్లని రాయిలో రాగి రంగు, బంగారు రంగు చుక్కలు నక్షత్రాల్లా మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడి క్వారీల నుంచి లారీలకెక్కి, ఓడలెక్కి దేశదేశాల వంటిళ్లకు, హోటళ్లకు వెళ్తోంది. ఎక్కడో ఒకరు నల్లరాయి ముచ్చట మాని తెల్లరాయి మీద మోజు పడితే ఇక్కడ కోత యంత్రం చప్పుడు తగ్గుతుంది. ఒక దేశం సుంకం పెంచితే ఇక్కడ కూలీ రోజులు తగ్గుతాయి. చిరివేరు ఎరుపు నేర్పిన పాఠమే ఇదీనూ. నేల, పని మనవే. ఇష్టం మాత్రం పరాయివాళ్లది.

అందుకే ఎనిమిదో ఎడ్వర్డ్ ఉండిపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు మన జవాబు చిన్నదే. కోట్లు, గౌన్లు మారేవి. ఎలిజబెత్ ఇరవై ఏళ్లు ఆగేది. యుద్ధం రోజుల్లో లండన్‌లో ఇంకొంచెం గుండెదడ ఉండేది. మన స్వాతంత్ర్యం మాత్రం విజయవాడ తీర్మానాల్లో, చీరాల పాకల్లో, పెదనందిపాడు చేలల్లో అప్పటికే దారి పట్టింది.

ఇప్పుడు లండన్‌లో ఎవరు కూర్చున్నారన్నది చీరాల మగ్గానికి పట్టదు. పండక్కి మనింట్లో ఏ చీర కొన్నారన్నదే పడుతుంది.